అద్దాల పెట్టెలో దుబాసీ

బీచ్ రోడ్డు హోటల్లో రెండో అంతస్తు.
ఉత్తర ధ్రువం గురించి మూడు రోజుల సభ.
బయట వైశాఖం, తారు చెప్పుకి అంటుకుంటోంది.
లోపల ఏసీ పదహారు మీద పెట్టారు,
అతిథులకి ఇంటి బెంగ కలగకూడదని కాబోలు.

నేను దుబాసీని.
హాలు వెనక అద్దాల పెట్టెలో కూర్చుని
చెవిలో పడ్డ ఇంగ్లీషుని నోట్లో తెలుగు చేస్తాను.
మెడలో కార్డు మీద సుశీల అని ఉంటుంది.
శిమిలిగూడ అవతల మా కొండ మీద నేను సుక్రిని.
శుక్రవారం పుట్టాను.
బళ్ళో మేష్టారికి ఆ పేరు ఆనలేదు.

గోడ మీద పటం: నడినెత్తి మీంచి చూసిన భూమి,
కోసిన పుచ్చకాయలా ముక్కలు ముక్కలు.
ఎవరి ముక్క ఎంతో రంగులేసి చూపిస్తున్నారు.
మంచు కరిగితే ఓడలకి ఎన్ని రోజులు కలిసొస్తాయో
ఒకాయన లెక్క చెప్పాడు.
నేనూ చెప్పాను, అంతే ఉత్సాహంగా.
మనకక్కడ పరిశీలక హోదా ఉందని ఇంకొకాయన.
అంటే వెనక కుర్చీ. వినొచ్చు.
ఆ కుర్చీ మా నాన్నకి తెలుసు,
గ్రామసభ మా ఊళ్ళోనే జరిగినా.

బీరెత్ సామీ మనిషి, రెయిన్‌డీర్ల మంద తోలే ఇల్లు.
భోజనాల దగ్గర ఎవరో నవ్వుతూ అడిగారు,
"మీకెన్ని ఉన్నాయండీ?"
ఆమె గ్లాసులో నీళ్ళు చూస్తూ ఉండిపోయింది.
తర్వాత నాతో అంది:
"మా దగ్గర అది అడగరు.
నీ బ్యాంకులో ఎంతుందని నేనడిగానా?"
లెక్క అడిగినవాడి వెనకే
టేపు పట్టుకున్నవాడొస్తాడు.
ఆ సంగతి నాకెవరూ అనువదించక్కర్లేదు.

సాయంత్రం బాల్కనీ రెయిలింగు మీద
వేలు రాసి చూసుకుంది. ఎర్రగా.
"ఇది మీ కొండా?"
కాదు, బైలాడిల్లాది.
మా ఊరి పక్కనించే వస్తుంది,
యాభై ఎనిమిది సొరంగాలు దూరి, రాత్రుళ్ళు.
మా గిన్నెలు గూట్లో గలగలమంటాయి.
హార్బరుకొచ్చి ఓడెక్కి పోతుంది.
మాకు మిగిలేది చప్పుడు, వీళ్ళకి మిగిలేది దుమ్ము.

ఆమె నవ్వలేదు.
"మాకూ ఉందొక బండి.
ఇనుమే. కొండ నించి సముద్రానికే.
చలికాలం మంద పట్టాల మీద నిలబడుతుంది,
అక్కడ మంచు తక్కువ కదా.
పొద్దున్న వెళ్ళి చెవి గుర్తులు చూసి
ఎవరివో పోల్చుకుంటాం."

కారు తోలే గనగళ్ళ పోలారావు కిందనించి కేకేశాడు:
"మేడమ్, ఆవిడ రొయ్యలు తింతాదా?
మా పేటలో ఇప్పుడే వలలు దిగాయి!"
తిన్నది. తోకలతో సహా.

మూడో రోజు ఆమె మైకు ముందు ఒకే మాట
మూడుసార్లు అంది. నేను మూడుసార్లూ
స్వయం నిర్ణయాధికారం అన్నాను.
ఎనిమిది అక్షరాలు, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది.
హాల్లో ఎవరూ తల తిప్పలేదు.

రాత్రి అవ్వకి ఫోను చేశాను.
మన భాషలో దీన్నేమంటారే అని
విడమరిచి, మెలిపెట్టి, ఉదాహరణలిచ్చి అడిగాను.
బాక్సైట్ రోజుల్లో జీపులొచ్చాయి చూడు, అప్పుడు...
అవతల పొయ్యి చిటపట.
కోడిని అదిలించింది. దగ్గింది.
చాలాసేపటికి అంది:
"అడగడానికి ఎవడైనా వస్తాడు బిడ్డా.
అడిగినోడు ఆగేడా?
మేం మాటాడేదాకా ఆగేడా?"

రేపు నివేదిక అచ్చుకి పోతుంది.
ఎనిమిది అక్షరాలూ ఉంటాయి, తప్పుల్లేకుండా.
అవ్వ మాట ఎక్కడ పెట్టను,
నా కార్డు మీద అనువాదకురాలు అనే ఉంటే?

బీరెత్ విమానం తెల్లారి నాలుక్కి.
చెయ్యి పట్టుకుని నీ అసలు పేరేమిటంది.
చెప్పాను.
ఆమె అనడానికి ప్రయత్నించింది, తప్పింది,
మళ్ళీ అంది.
నేను ఆగాను.